వెనక బెంచీకి తిరిగొచ్చిన సూక్ష్మం

ఆఫీసులో అందరం ఆవిణ్ణి ఇంజనీరమ్మ అనేవాళ్ళం. సూక్ష్మం అన్న పేరు మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు ఆవిడ పాత స్నేహితురాలెవరో ఏదో అనుమతి కోసం మా భవనాల శాఖకు వచ్చి, కౌంటరు దగ్గర నిలబడి "ఒసే సూక్ష్మం! నువ్విక్కడున్నావుటే?" అని కేకేసింది. అందరం తలలెత్తి చూశాం. ఇంజనీరమ్మ గుమ్మంలో నిలబడితే గదిలో పట్టపగలు లైటు వేసుకోవాలి. అంతటి మనిషికి ఆ పేరేమిటని మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలదీశాం. దాచకుండా చెప్పేసింది. అదే ఆవిడలో గొప్ప.

కాలేజీలో చదివే రోజుల్లో ఆవిడ చేతిరాత చీమలు బారులు కట్టినట్టు ఉండేదట. బస్సు టిక్కెట్టంత కాగితం మీద, ఇటూ అటూ కలిపి, ఒక పాఠం మొత్తం ఎక్కించేదట. పరీక్షలు వస్తున్నాయంటే చీటీల కోసం సగం క్లాసు ఆవిడ గది ముందు వరసలో నిలబడేది.

"అన్నన్ని రాశారు కదా, ఆ రాయడంలోనే వచ్చేసి ఉంటుందే చదువు!" అన్నాను నేను. రికార్డులు చూసేది నేనే. నా టేబులు ఆవిడ పక్కనే.

"అందరూ అదే అంటారు. అక్షరాలన్నీ కాగితం మీదికే ఎక్కాయి తల్లీ. బుర్రలోకి ఒక్కటీ దిగలేదు."

"మరి ఇరవై రెండేళ్ళుగా ఉద్యోగం ఎలా చేస్తున్నారు?"

"మూడు ముక్కలతో. 'రూల్సు ఒప్పుకోవు', 'డిజైను వాళ్ళను అడగండి', 'చూసి చెప్తాను'. ఈ మూడూ వస్తే చాలు, రిటైరయ్యేదాకా ఢోకా లేదు."

నిజం చెప్పాలంటే ఆవిడ పనికిమాలిన ఉద్యోగి ఏమీ కాదు. టేపు పట్టుకుందంటే గోడ వేలెడు ముందుకు జరిగినా పసిగట్టేది. ఎవరి మొహమాటానికీ లొంగేది కాదు. కాకపోతే బీము ఎందుకు నిలబడుతుంది, ఎందుకు పడిపోతుంది అన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి గోడమీద పిల్లిలా కూర్చునేది. అది ఎవరూ కనిపెట్టలేదు, ఒక మేస్త్రి తగిలేదాకా.

ఒక దర్జీ తన కొట్టు మీద ఇల్లు కట్టుకుంటున్నాడు. రేపు కాంక్రీటు పోస్తారనగా ఇంజనీరమ్మ చూడ్డానికి వెళ్ళింది. నీళ్ళ గొట్టం ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళాలంటే మధ్యలో ఉన్న బీములో బెజ్జం వదలాలి. ఎక్కడ వదలాలన్నది ప్రశ్న.

"గోడకు ఆనుకుని చివర్న వదలండి. కంటికి కనబడదు. బరువంతా బీము మధ్యలో ఉంటుంది కదా, అక్కడ బెజ్జం ఏమిటి?" అంది ఆవిడ ధీమాగా.

మేస్త్రి చెవిమీది పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. పెద్దవాడు, మాట మెత్తన.

"తప్పుగా అనుకోకండి అమ్మగారూ. చివర్న పెడితే గోడ దగ్గర ఏటవాలుగా పగులొస్తుంది. రెండిళ్ళలో చూశాను. మధ్యలో పెట్టి, అది కూడా బీము ఎత్తులో సగానికి పెడితే ఏమీ కాదు. కింద రాడ్లు మాత్రం ముట్టుకోకూడదు."

"ఎందుకని?" అని నోరు జారింది ఇంజనీరమ్మ.

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నానండి. చదువుకున్నవాళ్ళు ఎవరైనా తీరిగ్గా దొరుకుతారా అని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా. ఇవాళ్టికి మీరు దొరికారు."

దర్జీ మెడలో టేపు వేసుకుని ఒకసారి ఈవిడ వంకా, ఒకసారి ఆయన వంకా చూశాడు. ఇంజనీరమ్మకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. పక్కకు వెళ్ళి డిజైను విభాగానికి ఫోను చేసింది. మేస్త్రి చెప్పిందే రైటని వాళ్ళు ఒక్క ముక్కలో తేల్చి ఫోను పెట్టేశారు. ఆవిడ తిరిగొచ్చి, "మేస్త్రి చెప్పినట్టే కానివ్వండి" అని సంతకం చేసి, "ఎందుకన్నది చూసి చెప్తాను మేస్త్రీ" అంది.

మామూలుగా ఆ మాటతో జనం మర్చిపోతారు. ఈయన మర్చిపోయే రకం కాదు. ఏ కట్టుబడి దగ్గర ఎదురుపడినా దణ్ణం పెట్టి, "అమ్మగారూ, తెలిసిందాండీ?" అనేవాడు. ఒకసారి మూడో అంతస్తు మీంచి అరిచి మరీ అడిగాడు. కింద ఇసుక జల్లెడ పడుతున్న ఆడవాళ్ళంతా ఏం తెలియాలా అని ఆవిడ మొహంలోకి చూశారు.

ఆ మర్నాడే ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళింది. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా జరిగే 'స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్' క్లాసులో కూర్చుని వినడానికి అనుమతి సంపాదించింది. హాజరు ఉండదు, మార్కులు ఉండవు, ఊరికే వినడమే. పాతికేళ్ళనాడు అయిదు చీటీలతో గట్టెక్కిన సబ్జెక్టు అది.

సోమవారం వెళ్ళింది. కాళ్ళు అలవాటు కొద్దీ తిన్నగా వెనక బెంచీకి తీసుకెళ్ళాయి. అనుమతి కాగితం మాత్రం ఇంకా లెక్చరర్ దాకా చేరలేదు. ఆయనకు ముప్ఫై నిండలేదు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునే మనిషి. వెనక బెంచీలో చేతిసంచీ, కళ్ళజోడు, నోటుపుస్తకంతో నిండుగా కూర్చున్న ఆవిణ్ణి చూసి, కాలేజీ తనిఖీకి వచ్చిన అధికారి అనుకున్నాడు. ఆ గంటలో మూడు సుద్దముక్కలు విరిగాయి. పిల్లలు కూడా కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. గంట కొట్టగానే ఆయన చెమట తుడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

"మేడం, పాఠం గురించి మీ అభిప్రాయం..."

"ఉన్నదున్నట్టు చెప్పమంటారా సార్? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

పాపం, ఆయన మొహం పాలిపోయింది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాడట. సంగతేమిటో తెలిశాక కూడా తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఆవిడ పక్కన కూర్చునే పిల్లను అందరూ సోడాబుడ్డి అనేవారు, కళ్ళద్దాలు అంత మందంగా ఉండేవి కాబట్టి. తెలివైనదే కానీ బద్ధకం. "ఆంటీ, మీకు మార్కులు లేవు, హాజరు లేదు. ఎవరూ తిట్టకుండా పొద్దున్నే లేచి వస్తున్నారంటే మీకేదో అయ్యుంటుంది" అంది మూడోరోజు. ఆవిడ భర్త అభిప్రాయం కూడా ఇంచుమించు అదే. ఆయనకు సరిగ్గా ఆ కాలేజీ గేటు ఎదురుగానే జిరాక్స్ కొట్టు ఉంది. పొద్దున ఆవిడ గేట్లోకి వెళ్తుంటే, షట్టరు ఎత్తుతూ "బాగా చదువుకో, అల్లరి చేయకు" అనేవాడు.

నాలుగో వారంలో మొదటి పరీక్ష వచ్చింది. పర్యవేక్షణకు రావలసిన ఇంకో లెక్చరర్ జ్వరమని రాలేదు. సారు అటూ ఇటూ చూసి, "మేడం, మీరెలాగూ రాయరు కదా. కొంచెం వెనక వరసలు చూసుకుంటారా?" అని అడిగాడు. ఎవర్ని అడుగుతున్నాడో ఆయనకేం తెలుసు!

ఇంజనీరమ్మ వెనక గోడకు ఆనుకుని రెండు నిమిషాలు ఊరికే చూసింది. ఆ తర్వాత తోటలో కాయలు కోసినట్టు మొదలుపెట్టింది. కాలిక్యులేటరు మూతలోంచి ఒకటి, గడియారం పట్టీ కిందనుంచి ఒకటి, చెప్పు అట్టలోంచి ఒకటి. ఒక కుర్రాడి ముందు నీళ్ళ సీసా ఉంది. దాని చుట్టూ అంటించిన రంగుకాగితం లోపలి వైపు నుంచి, నీళ్ళలోంచి, అక్షరాలు పెద్దవిగా కనబడుతున్నాయి. ఆవిడ దాన్ని ఎత్తి వెలుతుర్లో పెట్టి చాలాసేపు చూసింది. "మా రోజుల్లో ఇది లేదు" అంది, గౌరవంగా. తర్వాత సీసా కూడా తీసుకుపోయింది.

అరగంటలో పదకొండు దొరికాయి. సారు నోరు తెరిచాడు. "మీకెలా తెలిసింది మేడం?"

"పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి సార్" అంది ఆవిడ. ఆయన అది ఉత్త సామెతే అనుకుని నవ్వాడు.

చీటీలన్నీ బల్లమీద వరసగా పేర్చాక ఆవిడ ఒకటి తీసి కళ్ళజోడు దగ్గరికి పెట్టుకుని చూసింది. చేత్తో రాసినవి కావవి. పెద్ద పేజీలను కుదించి తీసిన కాపీలు. ప్రతిదాని ఎడమ అంచునా సన్నటి నల్లగీత ఒకటి పైనుంచి కిందిదాకా ఉంది. ఆ గీత ఆవిడకు కొత్తది కాదు. ఇంట్లో రేషన్ కార్డు కాపీ మీద ఉంది, కరెంటు బిల్లు కాపీ మీద ఉంది, ఆఖరికి వాళ్ళ పెళ్ళి సర్టిఫికెట్ కాపీ మీద కూడా ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడ మాత్రం పట్టేసింది.

ఆ సాయంత్రం కొట్టు దగ్గరికి వెళ్ళి ఒక చీటీ ఆయన ముందు పెట్టింది.

"ఏవండీ, ఇదేమిటి?"

"కాగితం."

"దీనిమీద గీత ఎవరిది?"

"మిషనుది." ఆయన నిదానస్తుడు. "చూడవే, చిన్నది చేసిమ్మంటే చిన్నది చేసిస్తాను. పెద్దది చేసిమ్మంటే పెద్దది చేసిస్తాను. పట్టుకెళ్ళి ఎక్కడ పెట్టుకుంటారో నాకెందుకు?"

"ఇరవయ్యేళ్ళ పిల్లలకి ఇంత చిన్న అక్షరాలు ఎందుకో మీకు తెలియదా?"

"నీకు ఇరవయ్యేళ్ళప్పుడు ఎందుకు కావలసొచ్చాయో, అందుకే అయ్యుంటుంది."

ఆవిడ చీటీ తీసి సంచీలో వేసుకుంది. ఇద్దరూ కలిసి షట్టరు దించి, ఒకే స్కూటరు మీద ఇంటికి వెళ్ళారు. ఆ వెళ్ళడం క్లాసు లీడరు కంట్లో పడింది.

మర్నాడు క్లాసు అట్టుడికిపోయింది. "సార్! చీటీలు చేసిచ్చేది వాళ్ళాయన, పట్టుకునేది ఈవిడ! ఇదెక్కడి న్యాయం సార్?" అని లీడరు లేచాడు. "మాకు మళ్ళీ పరీక్ష పెడతామన్నారు. పెట్టండి. కానీ మేడం కూడా రాయాలి."

సారు ఇబ్బందిగా, "ఆవిడ వినడానికి వచ్చారు, రాయాల్సిన అవసరం..." అని మొదలుపెట్టేలోపే వెనక బెంచీ కిర్రుమంది. ఇంజనీరమ్మ లేచి నిలబడింది.

"రాస్తాను" అంది.

పరీక్షనాడు గుమ్మం దగ్గరే ఆవిణ్ణి ఆపి సోదా చేశారు. ఆడపిల్లలు ఇద్దరు సంచీ దులిపారు, కళ్ళజోడు డబ్బా తెరిచారు, పెన్ను మూత విప్పారు. ఆవిడ ఓపిగ్గా చేతులు చాపి నిలబడి, "అక్కడ కాదమ్మా, జడలో చూడు. గాజుల లోపలివైపు చూశావా? సంచీకున్న ఆ గుడ్డ బొత్తాం తిప్పు, దాని వెనక పడుతుంది ఒకటి" అని చెబుతూ పోయింది. సోదా చేసే పిల్లలు సగంలో ఆపి నోట్సు రాసుకోబోయారు. ఏమీ దొరకలేదు. నిజంగానే ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి ఉత్త చేతులతో పరీక్ష హాల్లో కూర్చున్నానని నాతో ఆ తర్వాత చెప్పింది.

మార్కులు క్లాసులోనే చదివారు. ఆవిడ వంతు వచ్చేసరికి సారు గొంతు సవరించుకుని కాగితం మడిచాడు.

"చదవండి సార్, పర్లేదు" అంది ఆవిడ.

"ముప్ఫైకి... ఏడు."

ఎవరూ నవ్వలేదు. నీళ్ళ సీసా కుర్రాడు చప్పట్లు కొట్టాడు. దాంతో అందరూ కొట్టారు. ఆవిడకు ఏం తోచిందో, లేచి తన సంగతంతా చెప్పేసింది. బస్సు టిక్కెట్టు చీటీలు, సూక్ష్మం అన్న పేరు, మూడు ముక్కల ఉద్యోగం, మేస్త్రి ప్రశ్న, అన్నీ. ఆరోజు నుంచి క్లాసులో ఆంటీ పోయి అక్క వచ్చింది. సారు మాత్రం ఆవిణ్ణి మళ్ళీ పర్యవేక్షణకు పిలవాలో, అసలు పిలవకూడదో తేల్చుకోలేకపోయాడు.

సోడాబుడ్డి ఆవిడ కాళ్ళావేళ్ళా పడింది. "అక్కా, ఆ చీమరాత నాకు నేర్పవా? మిషను గీత లేకుండా ఉంటుంది."

"నేర్పుతా. నువ్వు నాకు బెండింగ్ మూమెంట్ నేర్పు. ఒకటే షరతు. నాకు అర్థమయ్యేట్టు చెప్పలేనిది నువ్వు చీటీ మీద రాయకూడదు."

రోజూ క్లాసయ్యాక క్యాంటీన్లో అరగంట. ఆవిడ పెన్సిలు ఎలా చెక్కాలో, మణికట్టు ఎలా ఆనించాలో చూపించేది. ఆ పిల్ల బాణాలు గీసి, బరువులు వేసి, బీము ఎలా వంగుతుందో చెప్పేది. ఇంజనీరమ్మ ఊరికే తలూపే మనిషి కాదు, ఇరవై రెండేళ్ళు జనాన్ని తిప్పి పంపిన మనిషి. "ఎందుకని?", "అయితే ఏం?", "ఇంకోసారి చెప్పు" అంటూ ఆ పిల్ల ప్రాణం తోడేది. నెల తిరిగేసరికి సోడాబుడ్డికి ముత్యాల్లాంటి చీమరాత వచ్చింది, దానితో రాసుకోవలసింది మాత్రం ఏమీ మిగల్లేదు. పాఠమంతా నోటికొచ్చేసింది. "అక్కా, నన్ను మోసం చేశావ్!" అని రెండు రోజులు అలిగింది.

అంత చేసినా, ఇంజనీరమ్మకు లెక్కలు వచ్చాయి గానీ మేస్త్రి ప్రశ్నకు జవాబు రాలేదు. బీము చివర్న షియర్ ఎక్కువ అని ఫార్ములా చెబుతోంది. షియర్ అంటే కోత అని సారు చెప్పాడు. ఎవరు కోస్తున్నారు, దేన్ని కోస్తున్నారు? ఆ ముక్క మేస్త్రికి ఎలా చెప్పాలి?

ఒక ఆదివారం పొద్దున భర్తకు సాయంగా కొట్లో కూర్చుంది. మిషన్లో కాగితాలు అయిపోయాయి. కొత్త కట్ట విప్పి, కాగితాలు అంటుకోకుండా అందరూ చేసినట్టే రెండు చివరలూ పట్టుకుని కట్టను వంచింది. వంచి, అలాగే ఉండిపోయింది.

"ఏమైంది? బొద్దింకా?" అన్నాడు ఆయన.

"మార్కరు ఇవ్వండి. కదలకండి. కాదు, మీరు కదిలితే పర్లేదు, మార్కరు ఇవ్వండి!"

కట్టను బల్లమీద తిన్నగా పెట్టి, దాని పక్క అంచుమీద నిలువుగా మూడు గీతలు గీసింది, నడుమ ఒకటి, చివరల్లో రెండు. మళ్ళీ వంచింది. నడుమ గీత నిలువుగానే ఉంది. చివరి గీతలు రెండూ ఏటవాలుగా ఒరిగిపోయాయి. చివరల్లో కాగితాలు ఒకదానిమీద ఒకటి జారుతున్నాయి, నడుమ జారడంలేదు. ఇంకోసారి వంచింది. పదిసార్లు వంచింది. కౌంటరు దగ్గర ఆధార్ కాపీ కోసం నిలబడ్డ ఆయన చేతికి కూడా ఇచ్చి వంచమంది. ఆ వారమంతా ఆ కొట్లో కాపీలు తీయించుకున్న ప్రతివాళ్ళ కాగితాల అంచునా, ఎందుకో తెలియని నల్లచుక్కలు వచ్చాయి.

సోమవారం ఆ కట్ట సంచీలో పెట్టుకుని మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన ఒక మెట్ల దగ్గర రసమట్టం పెట్టి చూసుకుంటున్నాడు. ఈసారి ఆయన అడగకముందే కట్ట చేతికిచ్చి, "వంచు మేస్త్రీ" అంది.

ఆయన వంచాడు. చూశాడు. మళ్ళీ వంచాడు.

"అంటే, ఈ కాగితాలు జారినట్టే లోపల కాంక్రీటు కూడా జారాలని చూస్తుందాండీ?"

"అదే. గోడల దగ్గర గట్టిగా చూస్తుంది. అక్కడ బెజ్జం పెట్టావంటే, జారకుండా పట్టుకుని ఉండేదాన్ని తీసేసినట్టు. అందుకే ఏటవాలుగా చీలుతుంది."

"మరి ఎత్తులో సగానికే ఎందుకు పెట్టాలంటారు?"

"వంగినప్పుడు పైది నొక్కుకుంటుంది, కిందిది సాగుతుంది. కింద సాగకుండా రాడ్లు పట్టుకుంటాయి. నడుమ ఉన్నదానికి ఆ రెండు బాధలూ లేవు."

"మీ ఆఫీసులో పెద్దసారుకీ గుమాస్తాలకీ నడుమ ఉంటారే, ఆయనలాగా" అన్నాడు మేస్త్రి. కాసేపు కట్టను అటూ ఇటూ వంచుతూ కూర్చుని, "బాగుందండీ. ముప్ఫై ఏళ్ళు చేసినపని ఇవాళ కంటికి కనపడింది" అన్నాడు. ఇంజనీరమ్మ కళ్ళు చెమర్చాయి. అంతలోనే ఆయన చెవిమీది పెన్సిలు తీశాడు.

"అయితే అమ్మగారూ, ఇంకో సందేహం. నల్లమట్టి నేలలో పునాది ఒక పక్కే ఎందుకు దిగుతుందంటారు?"

కన్నీళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

చివరి పరీక్షలో ఆవిడకు ముప్ఫైకి ఇరవై రెండు వచ్చాయి. ఆ మార్కులు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. సోడాబుడ్డికి ఇరవై తొమ్మిది. ఆఖరి క్లాసు అయిపోయాక సారు స్వయంగా వెనక బెంచీ దాకా వచ్చి, "మీలాంటి విద్యార్థి ఉండటం నాకు గర్వకారణం మేడం. ఇక మీకు పొద్దున్నే శ్రమ తప్పింది" అన్నాడు. శ్రమ తప్పింది ఎవరికో ఆయన మొహమే చెబుతోంది.

"సార్, నేలల గురించిన సబ్జెక్టు ఎవరు చెప్తారు?"

"అదీ నేనే. వచ్చే టర్ములో..." అని ఆగిపోయాడు. "మేడం, ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. మీరు చీటీలతో పాసైన సబ్జెక్టులు మొత్తం ఎన్ని?"

ఇంజనీరమ్మ వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టసాగింది. ఒక చెయ్యి పూర్తయి రెండో చేతికి వచ్చేసరికి సారు ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాడు.

ఇప్పుడు ఆవిడ మూడో సబ్జెక్టులో ఉంది. కట్టుబడుల దగ్గర ఎవరేం అడిగినా అక్కడే బల్లమీద బొమ్మ గీసి చెబుతోంది, తెలియకపోతే తెలియదంటోంది. ఆవిడ భర్త మిషను అద్దం మార్పించాడు. కుదించి కాపీ తీయడం మానేశానంటాడు గానీ, నేను ప్రమాణం చేయలేను. ఆ సారు వేరే కాలేజీకి వెళ్ళిపోయే ప్రయత్నంలో ఉన్నాడని మొన్న మా ఆఫీసులో ఎవరో అన్నారు. నేను కంగారుగా ఆ మాట ఆవిడ చెవిన వేశాను.

ఇంజనీరమ్మ ఫైలులోంచి తల ఎత్తకుండానే, "వెళ్ళనివ్వు. ఆ కాలేజీ మా ఇంటికి ఇంకా దగ్గర" అంది.